సహజ కీ, సరోగేట్ కీ

రిలేషనల్ డేటాబేసులోని పట్టికలో ఒక వరుసను మిగిలిన అన్ని వరుసల నుండి వేరుచేసి చూపే అంశాన్ని, లేదా కొన్ని అంశాల కలయికను ప్రైమరీ కీ అంటారు. ఆ వస్తువుకు లోకంలో ముందే ఉన్న గుర్తును కీగా తీసుకుంటే అది సహజ కీ. డేటాబేసు తన అవసరం కోసం కల్పించుకున్న, వేరే అర్థమేమీ లేని సంఖ్య అయితే అది సరోగేట్ కీ. సరోగేట్ అంటే మరొకరికి బదులుగా నిలిచే ప్రతినిధి. పుస్తకానికి ఉండే ఐఎస్‌బీఎన్ సహజ కీకి ఉదాహరణ. 1, 2, 3 అంటూ డేటాబేసు వేసుకొనే వరుస సంఖ్య సరోగేట్ కీకి ఉదాహరణ. ఇతర పట్టికలు ఈ కీ ద్వారానే ఆ వరుసను సూచిస్తాయి కనుక దీనిని ఆరంభంలోనే ఆలోచించి నిర్ణయించవలసి ఉంటుంది.

చరిత్ర

ఐబీఎం సంస్థలో పనిచేసిన ఎడ్గార్ ఎఫ్. కాడ్ 1970లో ప్రచురించిన వ్యాసంలో రిలేషనల్ నమూనాను ప్రతిపాదించాడు. ప్రైమరీ కీ అనే భావన అందులోనే ఉంది. 1979లో వెలువడిన మరొక వ్యాసంలో, వాడుకరుల ఆధీనంలో ఉండే కీలతో వచ్చే మూడు చిక్కులను చర్చించాడు. అవి మారవచ్చు, ఒకే వస్తువుకు వేర్వేరు పట్టికలలో వేర్వేరు కీలు ఉండవచ్చు, కీ కేటాయించక ముందే ఆ వస్తువు గురించి నమోదు చేయవలసి రావచ్చు. వీటికి పరిష్కారంగా వ్యవస్థే కేటాయించే సరోగేట్లను ఆ వ్యాసంలో వివరించాడు.

ఈ పద్ధతి కంప్యూటర్ల కంటే పాతది. గ్రంథాలయంలో ఒకే పుస్తకం ప్రతులు ఐదు వస్తే ఐదింటికీ వేర్వేరు యాక్సెషన్ నంబర్లు వేస్తారు. బడిలోని అడ్మిషన్ నంబరు కూడా ఇటువంటిదే.

సహజ కీ

సహజ కీ చూడగానే అర్థమవుతుంది. ఒకే వస్తువు రెండుసార్లు నమోదు కాకుండా అడ్డుకుంటుంది. అయితే దీనిని ఎంచుకొనే ముందు మూడు విషయాలు పరిశీలించాలి.

మొదటిది స్థిరత్వం. కడప జిల్లా పేరు ఆంగ్ల వర్ణక్రమం 2005లో మారింది. 2010లో అది వై.ఎస్.ఆర్. జిల్లా అయింది, 2025లో వై.ఎస్.ఆర్. కడప జిల్లాగా మారింది. జిల్లా పేరే కీ అయితే, పేరు మారిన ప్రతిసారీ దానిని సూచించే పట్టికలన్నింటినీ సవరించాలి. ఐఎస్‌బీఎన్ కూడా 2007 జనవరి 1 నుండి 10 అంకెల బదులు 13 అంకెలకు మారింది.

రెండవది లభ్యత. ఐఎస్‌బీఎన్ అంతర్జాతీయ ప్రమాణంగా వచ్చింది 1970లో. అంతకు ముందు అచ్చయిన తెలుగు పుస్తకాలకు ఆ సంఖ్య ఉండదు. ప్రైమరీ కీ ఖాళీగా ఉండరాదు. ఆధార్ విషయంలో ఇది మరింత తీవ్రమైనది. బడిలో చేర్చుకొనడానికి ఆధార్‌ను తప్పనిసరి చేయరాదని సుప్రీంకోర్టు 2018 సెప్టెంబరులో తీర్పు చెప్పింది. విద్యార్థుల పట్టికకు ఆధార్ సంఖ్యే కీ అయితే, అది లేని పిల్లవాడిని నమోదు చేసే మార్గమే ఉండదు.

మూడవది పరిమాణం. యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కొక్క తెలుగు సంకేతానికి 3 బైట్లు పడుతుంది. ఒత్తులు, గుణింతపు గుర్తులు కూడా విడి సంకేతాలే. "శ్రీకాకుళం" అనే పేరుకు 30 బైట్లు కావాలి. సాధారణ పూర్ణాంకానికి 4 బైట్లు చాలు. మైఎస్‌క్యూఎల్‌లోని ఇన్నోడీబీలో ప్రతి ఉపసూచికలోనూ ప్రైమరీ కీ మళ్ళీ నిల్వ అవుతుంది కాబట్టి ఈ తేడా పెరుగుతూ పోతుంది.

సరోగేట్ కీ

సరోగేట్ కీకి అర్థం లేదు కాబట్టి, లోకంలో ఏది మారినా దానిని మార్చవలసిన అవసరం రాదు. 4 బైట్ల పూర్ణాంకంతో 2,14,74,83,647 వరకు లెక్క వేయవచ్చు. అది చాలదనిపిస్తే 8 బైట్ల పూర్ణాంకం వాడతారు. వేర్వేరు కంప్యూటర్లలో ఏకకాలంలో కీలు తయారు కావలసినప్పుడు 128 బిట్ల యూయూఐడీని వాడతారు.

దీని లోపం కూడా అర్థం లేకపోవడమే. "లక్ష్మి" అని ఒకసారి, "లక్ష్మీ" అని మరొకసారి ఒకే విద్యార్థినిని నమోదు చేస్తే, డేటాబేసు 412, 967 అని రెండు సంఖ్యలు ఇచ్చి ఊరుకుంటుంది. దాని దృష్టిలో వారు ఇద్దరు. హాజరు ఒక వరుసలో, పరీక్ష రుసుము మరొక వరుసలో చేరితే, ఆ అమ్మాయి పేరు పరీక్షార్థుల జాబితా నుండే జారిపోవచ్చు. సరోగేట్ కీ వరుసలను వేరుచేస్తుందే కాని మనుషులను గుర్తుపట్టదు.

అందువలన సరోగేట్ కీ వాడినా, సహజమైన గుర్తును వెతికి దానిపై యూనిక్ నిబంధన పెట్టాలి. ఉదాహరణకు, పాత బడి గుర్తింపు సంఖ్య, అక్కడి అడ్మిషన్ నంబరు ఈ రెంటి కలయిక పునరావృతం కారాదని నిర్దేశించవచ్చు. వర్ణక్రమ భేదాలను ఈ నిబంధన పట్టుకోలేదు కనుక, కొత్త పేరు చేర్చే ముందు పుట్టిన తేదీతో వెతికి చూసే ఏర్పాటు కూడా ఉండాలి.

బయటకు వచ్చిన సరోగేట్ కీ

సరోగేట్ కీని కార్డు మీదనో, ధ్రువపత్రం మీదనో ముద్రిస్తే అది క్రమంగా సహజ కీగా మారుతుంది. బడి తన వీలు కోసం వేసుకొన్న అడ్మిషన్ నంబరు టీసీ మీద ఎక్కగానే మరొక బడికి ఆధారమవుతుంది. 2010 నుండి జారీ అవుతున్న 12 అంకెల ఆధార్ సంఖ్య కూడా వ్యక్తి వివరాలేవీ సూచించని యాదృచ్ఛిక సంఖ్యే; ఇతర సంస్థలకు మాత్రం అది బయటి నుండి వచ్చిన గుర్తు. కాబట్టి పట్టికల మధ్య సంబంధం కోసం వాడే కీని లోపలే ఉంచి, ప్రజలకు ఇచ్చే సంఖ్యను వేరే అంశంగా ఉంచడం మేలు.

ఎంపిక

కరెన్సీ సంకేతాల వంటి చిన్న, స్థిరమైన జాబితాలకు సహజ కీ సరిపోతుంది. విద్యార్థి, సబ్జెక్టు, పరీక్ష అనే మూడింటిని కలిపే మార్కుల పట్టికకు ఆ మూడింటి కలయికే తగిన కీ. మనుషులు, ఊళ్ళు, పుస్తకాల వంటి వాటికి పేర్లు మారతాయి, గుర్తులు లోపిస్తాయి. అక్కడ సరోగేట్ కీ మేలు. ఏ కీని ఎంచుకొన్నా, "ఈ రెండు వరుసలు ఒకే వస్తువువని ఎలా తెలుస్తుంది?" అనే ప్రశ్నకు రూపకర్త వద్ద సమాధానం ఉండాలి.