పశ్చిమ నెల్లూరు పల్లెలు: జనాభా లెక్క, రహదారి అర్హత

శ్రీ పొట్టి శ్రీరాములు నెల్లూరు జిల్లా పశ్చిమ భాగమున గల ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతములలో ఒక చిన్న పల్లెకు తారు రోడ్డు మంజూరు కావలెనన్న ముందుగా పరిశీలించబడునది ఆ పల్లె జనాభా. అయితే ఏ జనాభా, ఏ సంవత్సరపు జనాభా అను విషయములపై తరచు సందేహములు వ్యక్తమగుచున్నందున ఈ వివరణ ఇవ్వడమైనది.

2011 జనాభా లెక్కల ప్రకారం అప్పటి సరిహద్దులతో జిల్లా జనాభా 29,63,557. జనసాంద్రత చదరపు కిలోమీటరుకు 227. ఇది జిల్లా సగటు మాత్రమే. పెన్నా డెల్టాలో ఊళ్లు దగ్గర దగ్గరగా ఉండగా, మెట్ట ప్రాంతమైన ఉదయగిరి, సీతారామపురం, మర్రిపాడు మండలములలో కొండలు, అడవుల నడుమ పల్లెలు దూరదూరముగా విస్తరించి ఉన్నవి. ఒకే రెవెన్యూ గ్రామము క్రింద పలు మజరాలు ఉండుట ఇచ్చట సాధారణము.

చిక్కంతయు ఇక్కడనే ఉన్నది. జనాభా లెక్కల గ్రామ సమాచార పట్టికలో బస్సు సౌకర్యము రెవెన్యూ గ్రామము ప్రాతిపదికన నమోదగును. సౌకర్యము లేనిచో అది 5 కిలోమీటర్ల లోపునా, 5 నుండి 10 కిలోమీటర్ల మధ్యనా, అంతకు మించిన దూరముననా అని సూచింతురు. ప్రధాన గ్రామమునకు బస్సు వచ్చినచో మొత్తము గ్రామమునకు ఉన్నట్లే లెక్క. మూడు కిలోమీటర్ల అవతల గల మజరావాసుల నడక ఆ పట్టికలో కనిపించదు.

2000 డిసెంబరు 25న ప్రారంభమైన ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన ఇందుకు భిన్నముగా ఆవాసమును ప్రాతిపదికగా తీసుకొన్నది. మైదాన ప్రాంతములలో 500, కొండ రాష్ట్రములు, ఎడారి, షెడ్యూల్డ్ ప్రాంతములలో 250 జనాభా గల ఆవాసములు అర్హమైనవి. 2001 లెక్కలే దీనికి ఆధారము. ఉదాహరణకు 1,100 జనాభా గల గ్రామములో 520, 340, 240 మంది చొప్పున మూడు ఆవాసములు ఉన్నవనుకొనిన, మైదాన ప్రాంత నిబంధన ప్రకారం మొదటిదానికి మాత్రమే అర్హత లభించును. 500 మీటర్ల పరిధిలోని ఆవాసముల జనాభాను కలిపి లెక్కించు వెసులుబాటు ఉన్నను, మెట్ట పల్లెల మధ్య దూరము దృష్ట్యా అది అందరికీ ఉపకరించదు. జిల్లాలో యానాది గిరిజనులు పెద్ద సంఖ్యలో ఉన్నను, ఇచ్చట షెడ్యూల్డ్ ప్రాంతము లేనందున ఆ ప్రాతిపదికన 250 పరిమితి వర్తించదు.

2024 సెప్టెంబరులో కేంద్ర మంత్రివర్గము ఆమోదించిన నాలుగవ దశలో 25,000 ఆవాసములకు 62,500 కిలోమీటర్ల రహదారులు నిర్దేశించబడినవి. ఇందుకు 2011 జనాభా ఆధారము. 2001లో 500కు కొద్దిగా తగ్గి, తదుపరి పెరిగిన ఆవాసములకు ఇది మరొక అవకాశము. వలసల వలన జనాభా తగ్గిన పల్లెల పరిస్థితి ఇందుకు విరుద్ధము. రోడ్డు లేక జనము తగ్గుట, జనము తగ్గినందున రోడ్డు రాకపోవుట అను ఈ వలయము అధికారుల పరిశీలనకు తగిన అంశము.

ప్రధాన మార్గముల విషయమున ఈ ప్రాంతము వెనుకబడి లేదు. నెల్లూరు నుండి సంగం, ఆత్మకూరు, మర్రిపాడు మీదుగా బద్వేలు వైపు 67వ జాతీయ రహదారి సాగుచున్నది. ఉదయగిరి, ఆత్మకూరులలో ఆర్టీసీ డిపోలు కలవు. సుమారు 309 కిలోమీటర్ల నడికుడి–శ్రీకాళహస్తి రైలు మార్గము ఆత్మకూరు, రాపూరు, వెంకటగిరి మీదుగా ప్రతిపాదించబడినది. కొరత అంతయు ప్రధాన రహదారి నుండి పల్లె వరకు గల చివరి కిలోమీటర్లలోనే. 2025 ఆగస్టు 15 నుండి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులలో మహిళలకు ఉచిత ప్రయాణము అమలులోనికి వచ్చినది. బస్సు తిరుగు దారి లేని మజరాలోని మహిళ దానిని వినియోగించుకొనుటకు ముందుగా రోడ్డు వరకు నడువవలసినదే, లేదా ఆటోకు చెల్లింపవలసినదే.

2021లో జరుగవలసిన జనాభా గణన వాయిదా పడినది. తదుపరి గణనకు 2025 జూన్ 16న నోటిఫికేషన్ వెలువడినది. ఈ ప్రాంతమునకు 2027 మార్చి 1 గణన తేదీగా నిర్ణయించబడినది.