గుండె చుట్టూ నీరు చేరితే...

గుండెను కప్పి రెండు పొరల సంచి ఉంటుంది. రాపిడి లేకుండా ఆ పొరల మధ్య 15 నుంచి 50 మిల్లీలీటర్ల ద్రవం ఉండడం సహజం. క్షయ, థైరాయిడ్ లోపం, మూత్రపిండాల జబ్బు, కేన్సర్, వైరస్ జ్వరాల వల్ల అది పెరగవచ్చు. మెల్లగా చేరితే సంచి సాగి లీటరు దాకా ఓర్చుకోవచ్చు. హఠాత్తుగా చేరితే 200 మిల్లీలీటర్లే ప్రాణం మీదికి తేవచ్చు.

నీరు నొక్కితే గుండె పూర్తిగా నిండదు. పంపే రక్తం తగ్గుతుంది. ఆ లోటు పూడ్చడానికి గుండె వేగం పెంచుతుంది. అదే దడ. గుండె ఆపరేషన్ తరువాత చేరిన నీరు, రక్తం పై గదులను రేపి లయ తప్పించడమూ ఉంది.

బరంపురంలో మా మేనత్తకు ఆయాసం, దడ వచ్చాయి. ఇ.సి.జి.లో గీతలు ఒకటి పొడుగ్గా, ఒకటి పొట్టిగా పడ్డాయి. నీటిలో గుండె ఊగుతున్న గుర్తు అది. ఎకో పరీక్షలో నీరు కనిపించింది. దడ తగ్గే మాత్ర ఇవ్వరా అని అడిగాను. "ఆ వేగమే ఆమెను నిలబెడుతోందండీ! ముందు నీరు తీయాలి" అన్నారు డాక్టరుగారు. సూదితో తీశారు. క్షయ అని తేలింది. ఆరు నెలల మందులతో అత్తయ్య కోలుకుంది.

కాబట్టి దడకు ఇంట్లో మిగిలిన మాత్ర వేయకండి. ఆయాసం, మెడ నరాల ఉబ్బు, కళ్ళు తిరగడం తోడైతే వెంటనే ఆసుపత్రికి వెళ్ళండి.