రక్తపుపోటు మాత్రయు నొప్పి మాత్రయు

మన విద్యార్థులలోఁ బలువురు సాయంకాలమున మందుల యంగడికిఁ బోయి తాతలకును మామ్మలకును మాత్రలు దెచ్చి యిచ్చువారే. వారి నుద్దేశించియే యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

మా బంధువులలో వృద్ధురా లొకతె చిరకాలముగా రక్తపుపోటునకు రెండు మాత్రలు పుచ్చుకొనుచుండెడిది. ఒకటి ఎనలాప్రిల్; రెండవది మూత్రమును హెచ్చించి దేహమందలి యుప్పును నీటిని వెడలించునది. మోఁకాళ్ల నొప్పి యధికము కాఁగా మనుమఁడు డైక్లోఫెనాక్ మాత్రలు కొనితెచ్చెను. వైద్యున కెవరును జెప్పలేదు. నొప్పి మాత్రను మన యిండ్లలో నెవరు మందుగా నెంచుదురు? కొలఁది దినములలోనే యామెకుఁ బాదములు వాచెను, మూత్రము తగ్గెను, పోటు పెరిగెను.

కారణ మిది. మూత్రపిండమందు రక్తమును వడపోయు ప్రతి కేశనాళికా గుచ్ఛమునకును రక్తమును దెచ్చు నాళ మొకటియు, కొనిపోవు నాళ మొకటియుఁ గలవు. చెఱువులోనికి వచ్చు కాలువవలెను, వెలుపలికిఁ బోవు తూమువలెను వీనిని భావింపవచ్చును. వచ్చు నీరు తగ్గినపుడు తూమును గొంత మూసినచో మట్టము నిలుచును. అట్లు మూయు పని యాంజియోటెన్సిన్ అను పదార్థముది. కాలువను దెఱచియుంచు పని ప్రోస్టాగ్లాండిన్లది. ఎనలాప్రిల్ యాంజియోటెన్సినును దగ్గించును గనుక తూము తెఱవఁబడును. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ మొదలగునవి ప్రోస్టాగ్లాండిన్లను దగ్గించుటచేఁ గాలువ ముడుచుకొనును. మూత్రము హెచ్చించు మాత్ర యసలు నీటినే తగ్గించును. మూఁడును గూడినప్పుడు మట్టము పడిపోయి వడపోఁత మందగించును. వేసవిలో విరేచనములు పట్టుకొన్నచో నపాయము మఱింత హెచ్చు. ఇదిగాక, నొప్పి మాత్ర యుప్పును దేహమందు నిలుపుటచేఁ బోటు మాత్ర పనియుఁ గొంత వ్యర్థమగును.

విచిత్ర మేమనఁగా, ఈ రెండు మందుల చరిత్రలోను ఒక్క శాస్త్రజ్ఞుఁడే కనఁబడును. ఇంగ్లండు దేశీయుఁడగు జాన్ వేన్, ఆస్పిరిన్ వంటి మందులు ప్రోస్టాగ్లాండిన్ల పుట్టుక నడ్డునని 1971లోఁ జూపి, 1982లో నోబెల్ బహుమానము నందినవారిలో నొకఁ డయ్యెను. బ్రెజిలు దేశపు జరరాక యను పాము విషమును బరీక్షించినదియు నాయన ప్రయోగశాలయే. ఆ పరిశోధనయే ఎనలాప్రిల్ కంటె ముందు వచ్చిన కాప్టోప్రిల్‌నకు దారితీసెను.

ఇది చదివి పోటు మాత్రను మానుట మఱింత ప్రమాదము. గుండెకై వైద్యుఁడు వ్రాసిన చిన్న ఆస్పిరినును సొంతముగా మానరాదు. తక్కువ సోడియము గలదని యమ్మెడు నుప్పులోఁ దఱచుగాఁ బొటాసియ ముండును. ఎనలాప్రిల్, టెల్మిసార్టన్ పుచ్చుకొనువారు వైద్యుని నడుగక దానిని వాడరాదు.

మా వృద్ధురాలు నొప్పి మాత్రలు మానిన పిదపఁ గొన్ని వారములకుఁ గోలుకొనెను. ఇప్పు డామె మనుమఁడు వైద్యునియొద్దకుఁ బోవునపుడు ఇంటనున్న మాత్రలన్నియు, కషాయపు పొడులతో సహా, సంచిలో వేసికొని పోవుచున్నాఁడు.