పాత బ్రౌజర్‌లో ఫారం ఎందుకు ఆగిపోతుంది?

తెనాలి, బాపట్ల, రేపల్లె లాంటి ఊళ్లలో పరీక్ష ఫీజు కట్టాలన్నా, హాల్‌టికెట్ తీయాలన్నా చాలామంది నెట్ సెంటర్‌కే వెళ్తారు. అక్కడ విండోస్ 7 కంప్యూటర్ తగిలితే, కొన్ని ఫారాల్లో జిల్లా ఎంచుకున్నా మండలాల జాబితా రాదు. నెట్ బాగానే ఉంటుంది. మరి ఎందుకిలా?

ఎందుకు?

విండోస్ 7కి మైక్రోసాఫ్ట్ మద్దతు 2020 జనవరితో ముగిసింది. దాని మీద నడిచే క్రోమ్ 2023 జనవరిలో వచ్చిన 109వ వెర్షన్ దగ్గర ఆగిపోయింది.

తనకు తెలియని సీఎస్ఎస్ నియమం ఎదురైతే బ్రౌజర్ దాన్ని వదిలేసి ముందుకు పోతుంది. పేజీ కాస్త బోసిగా కనిపిస్తుందంతే. జావాస్క్రిప్ట్ అలా కాదు. బాపట్ల జిల్లా మండలాలను వరసలో పేర్చడానికి డెవలపర్ ‘టుసార్టెడ్’ మెథడ్ వాడాడనుకుందాం. అది క్రోమ్ 110లో వచ్చింది. 109లో ఆ లైను దగ్గర ఎర్రర్ వస్తుంది, ఆ తర్వాతి లైన్లు నడవవు. రేపల్లె పేరు జాబితాలోకి చేరదు.

2017లో వచ్చిన జియోఫోన్‌లో ఇబ్బంది ఇంకా ఎక్కువ. అందులోని కైఓఎస్‌కు ఆధారం ఫైర్‌ఫాక్స్ 48 నాటి ఇంజిన్. ఆ ఇంజిన్‌కు తెలియని సింటాక్స్ ఒక్కచోట ఉన్నా మొత్తం ఫైలే నడవదు.

ఎలా?

ముందుగా, ఫారం ఒట్టి హెచ్‌టీఎంఎల్‌తోనే పూర్తయ్యేలా కట్టాలి. మండలాలను సర్వరే వరసగా పేర్చి పంపాలి. జావాస్క్రిప్ట్ ఉంటే పని సులువవ్వాలి, లేకపోతే ఆగకూడదు.

తర్వాత, కొత్త మెథడ్ వాడేముందు అది బ్రౌజర్‌లో ఉందో లేదో కోడ్‌తోనే చూడాలి. జాబితాకు నకలు తీసి పాత ‘సార్ట్’తో పేర్చినా అదే ఫలితం వస్తుంది. కొత్త కోడ్‌ను పాత బ్రౌజర్లకు తగ్గట్టు మార్చే బేబెల్ పెట్టాం కదా అని ఊరుకుంటే చాలదు. అది ప్రధానంగా సింటాక్స్‌ను మారుస్తుంది, లేని మెథడ్‌ను తెచ్చివ్వాలంటే పాలీఫిల్ కావాలి.

ఎంతవరకు?

అన్నిటినీ మోయనక్కర్లేదు. 2022 జూన్‌లో మైక్రోసాఫ్టే విరమించిన ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ కోసం కొత్తగా కోడ్ రాయడం అనవసరం. పాత బ్రౌజర్‌కు భద్రతా సవరణలు అందవు కాబట్టి డబ్బు కట్టే పేజీలో ఆ మాట తెలుగులో స్పష్టంగా చెప్పాలి. అయితే దరఖాస్తు చేసుకునే దారి మాత్రం మూయకూడదు. యంత్రం పాతదైనంత మాత్రాన ఆ విద్యార్థి గడువు మారదు.

అందుకే సైటు విడుదల చేసేముందు క్రోమ్ 109లో ఫారం తెరిచి, రసీదు చేతికొచ్చేదాకా నింపి చూడండి.