దీపమాలికల వెనుకనున్న పెట్టె

పండుగనాటి దీపములను జూచి సంతసింపనివా రుండరు. కాని యా దీపములకు శక్తినిచ్చు పెట్టెను దలంచువారు మిక్కిలి యరుదు. అమెరికాలో కాపురముండు మా చెల్లెలు నిరుడు క్రిస్మసునకు ఇంటి చూరు పొడవునను దీపములు కట్టించి, అందు దనకు గలిగిన యనుభవమును నాకు వ్రాసినది. అది మన సోదరీమణులకు నుపయోగపడునని తోచి యిట దెలుపుచున్నాను.

ఈ వేడుక క్రొత్తది కాదు. 1882 వ సంవత్సరము డిసెంబరులో న్యూయార్కు నగరమున, ఎడిసనుగారి సహచరుడైన ఎడ్వర్డు జాన్సను తన యింటి క్రిస్మసు చెట్టునకు ఎఱుపు, తెలుపు, నీలము రంగుల విద్యుద్దీపములు 80 అమర్చెను. ఆ చెట్టు తిరుగుచుండగా, దాని మ్రానునకు జుట్టిన రాగిపట్టీల మూలమున దీపములు ఆఱుచు మరల వెలుగుచు రంగులు మాఱుచుండెను. నేటి నియంత్రణపు పెట్టెలకు అదియే పూర్వరూప మనవచ్చును.

నేటి పెట్టెలో ముఖ్యముగా రెండు వస్తువులుండును. ఒకటి సప్లై, అది యా దేశపు టిండ్లలోని 120 వోల్టుల విద్యుత్తును 12 లేక 5 వోల్టులకు దించును. రెండవది కంట్రోలరు, అది యే దీపము ఎప్పు డే రంగున వెలుగవలెనో యాజ్ఞాపించును. పేరంటమున నొక ముత్తైదువ తన తాంబూలము దీసికొని పళ్ళెమును ప్రక్కవారికి సాగించునట్లు, ప్రతి దీపమును తన యాజ్ఞను గ్రహించి తక్కినవానిని ముందునకు బంపును.

మా చెల్లెలి యింట 5 వోల్టుల దీపములు 200 ఒకే కొననుండి వెలిగించిరి. దగ్గఱివి తెల్లగాను, దూరపువి యెఱ్ఱగాను వెలిగెను. కాలువ చివరి పొలమునకు నీరు చాలనట్లు, సన్నని తీగలో దూరము పోయినకొలది వోల్టులు తగ్గును. నీలపు, పచ్చని వెలుగులకు సుమారు 3 వోల్టులు కావలెను. ఎఱుపునకు 2 చాలును. కావున చివర నెఱుపే మిగులును.

శక్తి చాలలేదని తలంచి మఱదిగారు పెద్ద సప్లైని దెచ్చి, దీపములను గూడ హెచ్చించిరి. కాని తీగ పాతదే, ఫ్యూజు లేదు. నాటి రాత్రి పెట్టెనుండి కమురు వాసన రాగా చెల్లెలు స్విచ్చి యార్పించినది. చూడగా తీగ తొడుగు మెత్తబడి యుండెను. పిల్లలు ఆ గోడ ప్రక్కనే పరుండియుండిరి! కావలసినది లావు తీగ: దానిని సప్లైనుండి మాల రెండవ కొనకును, నడుమకును దీసికొనిపోయి, తీగ యోర్చుకొను పరిమితికి మించని ఫ్యూజును ప్రతి శాఖకు నుంచవలెను.

లెక్కయు గృహిణికి దెలియదగినదే. ఇట్టి దీప మొకటి తెల్లగా వెలుగునపుడు సుమారు 0.06 ఆంపియరు గ్రహించును. 100 దీపములకు 6 ఆంపియర్లు, అనగా 30 వాట్లు. 200 దీపములకు 60 వాట్లు. సప్లైపై నూటికి 80 వంతులకు మించి భారము మోపరాదు గనుక, 75 వాట్లకు దక్కువ దానిని గొనరాదు.

పెట్టె రబ్బరు అంచు మూత గలదై, నేలకు ఎత్తుగా నుండవలెను. తీగలు అడుగునుండియే లోనికి బోవలెను. వెలుపల కొంచెము క్రిందికి వంపుగా వ్రేలాడినచో వాననీరు వంపునొద్దనే కాఱిపోవును. 120 వోల్టుల వైపు పని, ఎర్తు తీగ కూర్చుట, నేర్చిన పనివానికే యప్పగింపవలెను. ఆ దేశమున వాకిటి సాకెట్టునందు, 5 మిల్లీ ఆంపియర్లంత విద్యుత్తు దారి తప్పినను ప్రవాహమును దెంచు సాధనముండును.

మన యిండ్లలోనిది 230 వోల్టులు. అపాయ మింకను హెచ్చు. క్రిస్మసు నక్షత్రము గట్టు సోదరీమణులును, దీపావళికి, పెండ్లిండ్లకు సీరియలు దీపములు వ్రేలాడగట్టువారును, 30 మిల్లీ ఆంపియర్లకు తెగు సాధనము తమ యింట గలదో లేదో ముందుగా విచారించుకొనుట మంచిది. అతుకులు వానకు దడియనీయరాదు; స్విచ్చి యార్పక తీగను ముట్టరాదు.

ఈ సారి దీపములు కట్టిన పిదప రెండు గంటలు వెలిగించి, పెట్టెయు తీగలును వేడెక్కలేదని చూచుకొనియే పిల్లలను వాకిటికి బిలిచెదనని మా చెల్లెలు వ్రాసినది.