జేబుకెక్కని చాకు

కొబ్బరి దింపు మొదలు బొండం కొట్టేదాకా కోనసీమలో కత్తి లేనిదే పొద్దు గడవదు. అయినా జేబులో పట్టే చిన్న చాకు కొనమంటే మాత్రం చాలామంది చేత్తో తిప్పి చూసి, మళ్లీ బల్లమీదే పెట్టేస్తారు. ఎందుకలా? లోపం మనుషుల్లో ఉందా... చాకులో ఉందా?

వైనతేయ ఒడ్డున అప్పనపల్లి. బాలబాలాజీ దర్శనం అయింది. భోజనాలూ ముగిశాయి. ఓ కుటుంబం కొబ్బరిచెట్ల నీడన చేరగిలబడిందనుకోండి. బామ్మ చేతిలో జామకాయ. పళ్లులేని నోటికి ముక్కలు చేసి పెట్టాలి. బుడ్డోడి చేతిలో బిస్కెట్ ప్యాకెట్, ఎంత లాగినా చిరగదు. నాన్న పళ్లతో పీకుతాడు. అమ్మ తలలోంచి పిన్ను తీస్తుంది. చివరికి ఎదురుగా బొండాలు కొట్టే మనిషి దగ్గరికి వెళ్తే... ఆయన చేతిలో అరచెయ్యంత వెడల్పు కత్తి! దాంతో జామకాయ కొడితే బామ్మకు మిగిలేదెంత?

జేబులో చిన్న చాకు ఉంటే అరనిమిషం పని. ఆ సంగతి అందరికీ తెలుసు. కొనేవాళ్లే తక్కువ.

పనికో కత్తి

అసలు కత్తంటే భయపడే నేల కాదిది. అప్పనపల్లి గుడి కథే కొబ్బరితో ముడిపడింది. దాన్ని కట్టించిన మొల్లేటి రామస్వామి కొబ్బరి వ్యాపారి. చుట్టుపక్కల తోటల్లో దింపు వారికో కత్తి, ఒలుపు వారికో గునపం. తాటిచెట్టెక్కే గీత కార్మికుడి కత్తి వేరు, వంటింట్లో కత్తిపీట వేరు. దేని పని దానిదే. పనైపోగానే చూరులోకో గోడవారకో వెళ్లిపోతాయి. దసరాకు బొట్టు పెట్టించుకుంటాయి.

జేబులో చాకు అలా కాదు. కొనేటప్పటికి దానికంటూ ఓ పనుండదు. ఎప్పుడో అవసరపడుతుందని రోజూ మోయాలి. అందుకే 'కూరకా, కాయకా... దేనికి?' అన్న ప్రశ్న ముందొస్తుంది. దానికి తోడు మన పట్టింపులు. కత్తిని చేతికి చెయ్యి ఇవ్వకూడదు, కింద పెడితే తీసుకోవాలి. లేకపోతే తగవులొస్తాయంటారు. బాలింత మంచం దగ్గర దిష్టి తగలకుండా ఇనుపముక్క పెట్టే ఇంట్లోనే, కుర్రాడి జేబులో చాకు కనిపిస్తే 'ఇదెక్కడి బుద్ధిరా' అని వీపు మోగుతుంది!

చూపులకే జడుపు

ఆ జడుపులో సగం సినిమాల చలవే. ఉత్తరప్రదేశ్‌లోని రాంపూర్ పనివాళ్లు తరతరాలుగా చేసిన మడత చాకుకు తెరమీద దక్కింది విలన్ చెయ్యి. 'టక్'మన్న చప్పుడు వినిపించిందంటే ప్రేక్షకుడి గుండె ఆగాల్సిందే. ఆ పేరు ఎంత పాతుకుపోయిందంటే, 2023లో రాంపూర్‌లో ఓ కూడలికి 'చాకూ చౌక్' అని పేరుపెట్టి నిలువెత్తును మించిన చాకు బొమ్మను నిలబెట్టారు.

ఇప్పటికీ కొన్ని చాకులు ఆ విలన్ వేషంలోనే వస్తాయి. నల్లటి బ్లేడు, పిడిమీద పుర్రె బొమ్మ, మీట నొక్కితే దూకే స్ప్రింగు. జామకాయ కోసుకోవాలనుకునే పెద్దమనిషి దాన్ని నలుగురిలో ఎలా తీస్తాడు? పక్కవాళ్లు లేచి దూరం జరగరూ!

చట్టం మాటా చూడాలి. 1959 నాటి ఆయుధాల చట్టం కింద వచ్చిన నిబంధనల ప్రకారం 9 అంగుళాలకన్నా పొడవు లేదా 2 అంగుళాలకన్నా వెడల్పు ఉన్న బ్లేడు ఆయుధాల జాబితాలోకి వస్తుంది. ఇంటి, వ్యవసాయ అవసరాల కోసం తయారైన వాటికి మినహాయింపు ఉంది. అంటే బొండాల కత్తికీ, కత్తిపీటకూ బెంగలేదు. జేబు చాకుకు మూడంగుళాలు దాటని బ్లేడు చాలు. అంతకన్నా పెద్దది పండు కొయ్యడానికి అక్కర్లేదు, అనుమానానికి తప్ప.

తెరవాలంటే గోరు... మూస్తే వేలు!

చాకు కొనకుండా ఆపే అసలు కారణం చేతిలోకి తీసుకున్నాక తెలుస్తుంది. చాలా చాకుల్లో బ్లేడుమీద చిన్న గాడి ఉంటుంది. గోరు దూర్చి లాగాలి. స్ప్రింగు బిగువుగా ఉంటే గోరు విరుగుతుంది. గోళ్లు కత్తిరించుకున్నవాళ్లకూ, చెయ్యి తడిగా ఉన్నవాళ్లకూ, కీళ్లనొప్పులున్న పెద్దవాళ్లకూ అది తెరుచుకోదు.

తెరుచుకోకపోతే చిరాకే. ఉన్నట్టుండి మూసుకుంటేనే ప్రమాదం. లాకు లేని చాకు మొనతో గట్టిగా పొడిచినా, వీపువైపు ఒత్తిడి పడినా బ్లేడు వేళ్లమీదకే మడుచుకుంటుంది. వేలిని వంచే నరంలాంటి తాడు తెగితే పైన కుట్లు వేస్తే సరిపోదు, ఆపరేషన్ చేసి అతకాలి. దింపు, ఒలుపు, గీత... వేళ్ల పట్టుమీదే బతుకు నడిచే సీమలో ఆ గాయం ఖరీదు చాకు ధర కాదు, నెలల కూలి.

పోనీ లాకు ఉన్నది కొందామంటే అందులోనూ మెలికే. కొన్నింటిని మూయాలంటే బొటనవేలితో లోపలి రేకును పక్కకు నొక్కాలి. ఆ వేలు సరిగ్గా బ్లేడు వచ్చే దారిలోనే ఉంటుంది! అలవాటైనవారికి ఇబ్బంది లేదు, కొత్తవారికే గుబులు. ఫ్రాన్స్‌లో 1890లో పుట్టిన ఓపినెల్ చాకుకు 1955లో ఓ తేలికైన ఉపాయం తోడైంది. పిడి మొదట్లో ఓ లోహపు ఉంగరం. తిప్పితే బ్లేడు కదలదు, వెనక్కి తిప్పితే మడుచుకుంటుంది. కాకపోతే దాని పిడి చెక్క. తేమ తగిలితే ఉబ్బి బ్లేడును పట్టేస్తుంది. వానాకాలం కోనసీమలో తలుపులే బిగుసుకుపోతాయి, చాకు పిడి ఓ లెక్కా!

అన్నీ ఉన్న విస్తరి

ఎర్రపిడి, తెల్ల శిలువ గుర్తు ఉన్న స్విస్ చాకు తెలియనివారుండరు. కార్ల్ ఎల్సెనర్ 1884లో మొదలుపెట్టిన సంస్థ, 1891లో సైనికులకు చాకులందించింది. డబ్బా మూతలు తీసేందుకూ, తుపాకీ మరలు విప్పేందుకూ పనికొచ్చేలా చేశారు. అంటే అందులోని ప్రతి పరికరానికీ ఓ పనుంది.

తర్వాత పోటీ పెరిగి పరికరాలు పెరిగాయి. వెంగర్ అనే మరో స్విస్ సంస్థ చేసిన భారీ చాకులో ఏకంగా 87 పరికరాలు, 141 పనులు! బరువు కిలోకు పైనే. చూసి ముచ్చటపడొచ్చుగానీ లుంగీ రొంటిన దోపితే లుంగీయే జారిపోతుంది. బజారులో దొరికే చవక రకాలదీ ఇదే తీరు. కత్తెర కత్తిరించదు, రంపం కొయ్యదు. వాటి మధ్య అసలు బ్లేడు ఎక్కడుందో వెతుక్కోవాలి.

ఉప్పుగాలి, మామిడిసొన

సముద్రం దగ్గరి గాలికి తుప్పు తొందరెక్కువ. కార్బన్ ఉక్కు బ్లేడుకు సానరాయి మీద పదును ఇట్టే వస్తుంది. కానీ నిమ్మ, పచ్చిమామిడి పులుపు తగిలితే నల్లబడుతుంది, తుడవకుండా మడిస్తే తుప్పు పడుతుంది. స్టెయిన్‌లెస్ ఉక్కులో కనీసం పదిన్నర శాతం క్రోమియం ఉంటుంది కనుక తొందరగా తుప్పు పట్టదు. అలాగని అసలే పట్టదనుకోకూడదు.

ఇక బ్లేడు సగానికి రంపపు పళ్లున్న రకం. తాళ్లు బాగా కోస్తుంది, కాయను చీలుస్తుంది. పదును పోతే మామూలు సానరాయి మీద కుదరదు. మూడో మాట శుభ్రం. పండు రసం మడతలోకి దిగి చీమలు పట్టే చాకుతో బామ్మకు జామకాయ కోసిపెట్టగలమా?

విమానాశ్రయంలో వీడ్కోలు

గల్ఫ్ దేశాలకు వెళ్లొచ్చే ఇళ్లు కోనసీమలో ఊరూరా ఉన్నాయి. ఇష్టంగా కొన్న చాకును చేతిసంచీలో మరచిపోతే తనిఖీ దగ్గర వదులుకోవాల్సిందే. లగేజీలో వేసి పంపితే పేచీ ఉండదు. 2001 సెప్టెంబరు 11 దాడుల తర్వాత విమానాల్లో నిషేధంతో స్విస్ చాకుల అమ్మకాలే ఒక్కసారిగా పడిపోయాయి. బ్లేడే లేని జేబు పరికరాన్ని తయారుచేస్తున్నామని విక్టోరినాక్స్ 2024లో ప్రకటించింది. చాకు చేసేవాళ్లకే బ్లేడు బరువైందన్నమాట!

కొనేముందు...

తడి చేత్తో ఓసారి తెరిచి చూడండి. మూసేటప్పుడు మీ వేలు ఎక్కడుందో గమనించండి. తెరిచాక బ్లేడు అటూఇటూ ఊగుతోందేమో చూడండి. పిడి మడతలో నీళ్లు పోసి కడిగే వీలుండాలి. జేబులో వేసుకుని నాలుగడుగులు నడవండి. ఇంట్లో పెద్దవాళ్ల చేతికిచ్చి, అదే... కింద పెట్టి, తీసుకోమని చూడండి. పిల్లలకు అందనిచోట ఉంచడం మాత్రం మరచిపోవద్దు.

బొండాల కత్తిని ఎవరూ అందం చూసి కొనరు. ఒక్క దెబ్బకు పని జరుగుతుందా లేదా అన్నదే లెక్క. జేబు చాకునూ ఆ లెక్కతోనే చూస్తే, పుర్రె బొమ్మలూ 87 పరికరాలూ దుకాణంలోనే మిగిలిపోతాయి. బామ్మకు మాత్రం జామకాయ ముక్కలు అందుతాయి!