ముఖచిత్రం కూడా ఒక సాక్ష్యమే

పత్రిక మొదటి పుటను తెలుగులో ముఖచిత్రం అంటాం. ఉర్దూలో దాని పేరు సర్‌వరఖ్. 'సర్' అంటే తల, 'వరఖ్' అంటే కాగితం. తెలుగు మాటలో బొమ్మ ముందే వచ్చి కూర్చుంది. ఉర్దూ మాటలో బొమ్మ ఊసే లేదు, తలగా నిలబడే కాగితం మాత్రమే ఉంది. పత్రికారచన చదువుతున్న మన పిల్లలు ముఖచిత్రం తయారుచేయడం నేర్చుకునేటప్పుడు ఈ రెండు మాటలనూ పక్కపక్కన పెట్టుకోవడం మంచిది. ఎందుకంటే కంప్యూటర్ ముందు కూర్చున్న విద్యార్థి మొట్టమొదట వెతికేది బొమ్మనే. చాలాసార్లు పని చెడేదీ అక్కడే.

మన ఇళ్ళలో అబ్బాయి ఇంటర్ పాసయ్యాడంటే ఇంజనీరింగా, ఫార్మసీయా అని అడుగుతాం. జర్నలిజం అన్నాడంటే తండ్రి మొహం చిన్నబోతుంది. అమ్మాయి అడిగితే "ఫొటోలూ పత్రికలూ మనకెందుకు బేటీ" అన్న జవాబు సిద్ధంగా ఉంటుంది. నిజానికి ఈ చదువు మనకు కొత్తదేమీ కాదు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో జర్నలిజం శాఖ 1954లోనే మొదలైంది. 1998లో హైదరాబాదులో ఏర్పడిన మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయంలో ఈ చదువు ఉర్దూలోనే దొరుకుతోంది. ఆ విశ్వవిద్యాలయానికి ఎవరి పేరు పెట్టారో ఆయన స్వయంగా సంపాదకుడు. 1912 జూలై 13న కలకత్తాలో 'అల్ హిలాల్' వారపత్రిక మొదటి సంచిక వెలువడేనాటికి మౌలానా ఆజాద్‌కు ఇరవై నాలుగేళ్ళు కూడా నిండలేదు. అప్పటి ఉర్దూ పత్రికలు చాలావరకు కాతిబ్ చేతిరాతను రాతిమీదికి ఎక్కించి అచ్చువేసేవి. ఆయన టైపు అక్షరాలు వాడారు, ఫొటోలు వేశారు. పత్రిక చదివేవాడి కంటికి ఎలా ఆనాలన్నది కూడా సంపాదకుడు పట్టించుకోవలసిన సంగతేనని ఆయన ఆనాడే గ్రహించారు. 1914లో ఆంగ్ల ప్రభుత్వం జామీను సొమ్ము జప్తు చేయడంతో ఆ పత్రిక ఆగిపోయింది. అది వేరే కథ.

నొసలు, సుర్ఖీ

ఇంతకీ ముఖచిత్రం మీద ఏమేమి ఉంటాయి? పైన పత్రిక పేరు. దీన్ని ఉర్దూవాళ్ళు 'పేషానీ' అంటారు, అంటే నొసలు. మనిషిని నొసలు చూసి గుర్తుపట్టినట్టే పాఠకుడు పత్రికను దీన్ని చూసి గుర్తుపడతాడు. అందుకే ప్రతి సంచికకూ బొమ్మ మారుతుంది గాని పేరు రాసే తీరు మారదు. అమెరికా పత్రిక 'టైమ్' 1927 నుంచి ముఖచిత్రం చుట్టూ ఎర్రటి అంచు వేస్తోంది. ఆ అంచు కనబడితే చాలు, పేరు చదవనక్కరలేదు. కొత్తగా నేర్చుకునే పిల్లలు ప్రతిసారీ పేరును కొత్త అక్షరాల్లో అలంకరించాలని ఉబలాటపడతారు. అది నొసలు మార్చుకోవడం లాంటిది.

పేరు తర్వాత ముఖ్యమైనది ప్రధాన శీర్షిక. ఉర్దూలో దీన్ని 'సుర్ఖీ' అంటారు. సుర్ఖ్ అంటే ఎరుపు. చేతిరాత పుస్తకాల కాలంలో శీర్షికలను ఎర్ర సిరాతో రాసేవారు, ఆ అలవాటే మాటగా మిగిలింది. దాని చుట్టూ లోపలి వ్యాసాలను సూచించే మూడో నాలుగో చిన్న వాక్యాలు. ఇంకా తేదీ, వెల, సంచిక సంఖ్య. అడుగున ఒక మూల గీతల పెట్టె ఉంటుంది, అదే బార్‌కోడ్. పత్రికలకు వేసే బార్‌కోడ్ 977 అంకెతో మొదలవుతుంది. దాని వెనుక తెల్లని చోటు వదలాలి, లేకపోతే యంత్రం చదవలేదు. పిల్లలు దీన్ని చివర్లో గుర్తు తెచ్చుకుని బొమ్మలో మనిషి భుజం మీద అతికిస్తారు! మొదటి రోజునుంచే దానికి చోటు అట్టిపెట్టాలి.

ఉర్దూ పత్రికకు ముఖచిత్రం చేసేవారికి ఇంకో సంగతి ఉంది. కంప్యూటర్లో దొరికే తయారు నమూనాలన్నీ ఇంచుమించు ఇంగ్లీషు పత్రికల కోసం చేసినవే. ఆ పత్రిక కుట్టు ఎడమన ఉంటుంది, కుడి అంచు పట్టుకుని తెరుస్తాం. ఉర్దూ పత్రికకు కుట్టు కుడివైపు ఉంటుంది, తెరిచేది ఎడమవైపు. బస్టాండు పుస్తకాల స్టాల్లో పత్రికలను ఒకదాని మీద ఒకటి కొంచెం జరిపి పేరుస్తారు కదా, అప్పుడు పై భాగమూ ఒక పక్క పట్టీ మాత్రమే కనబడతాయి. ఎడమనుంచి చదివే భాషకు ఎడమ పట్టీలో ముఖ్యమైన మాట పెట్టమని పాఠ్యపుస్తకాలు చెబుతాయి. ఉర్దూకు అది కుడి పట్టీ అవుతుంది. బొమ్మలో మనిషి చూపు కూడా తెరిచే అంచువైపు ఉంటే పాఠకుడి చెయ్యి అటే పోతుంది. నమూనాను మక్కీకి మక్కీ దించితే ఇవన్నీ తలకిందులవుతాయి.

అక్షరం కూడా బొమ్మే

ఫొటో విషయంలో ఉలమాల మధ్య ఉన్న అభిప్రాయభేదాలు పాఠకులకు తెలుసు. ఈ వ్యాసం ఫత్వా కాదు. అయితే మనిషి మొహం వేయనిదే ముఖచిత్రం కాదనుకోవడం మాత్రం పొరపాటు. 'టైమ్' పత్రిక 1966 ఏప్రిల్ 8 సంచిక ముఖచిత్రం మీద ఏ బొమ్మా లేదు. నల్లని నేల మీద ఎర్రని అక్షరాల్లో మూడే మూడు మాటల ప్రశ్న. అది నేటికీ చర్చకు వస్తుంది. 2001 సెప్టెంబరు 11 దాడుల తర్వాత 'న్యూయార్కర్' పత్రిక నల్లని కాగితం మీద నల్లని గోపురాల నీడ రెండు వేసి ఊరుకుంది. మంటలు లేవు, శవాలు లేవు.

అక్షరాన్ని బొమ్మగా మలచడంలో మన ఖత్తాతులకు వందల ఏళ్ళ అనుభవం ఉంది. కలం మొనతో పెట్టిన చుక్కే వాళ్ళకు కొలబద్ద. నస్తాలీఖ్‌లో అలిఫ్ నిలువు మూడు చుక్కలు, సులుస్‌లో ఏడు. ఒక అక్షరానికీ పక్క అక్షరానికీ ఉన్న పొందిక ఈ చుక్కల లెక్కలోంచి వచ్చిందే. 1927లో మద్రాసులో మొదలైన 'ముసల్మాన్' దినపత్రికను దశాబ్దాల తరబడి కాతిబులు కలాలతోనే రాశారు. 1981లో మీర్జా అహ్మద్ జమీల్ రూపొందించిన నూరీ నస్తాలీఖ్‌తో లాహోర్ 'జంగ్' పత్రిక కంప్యూటర్ అక్షరాల్లోకి మారింది. ఆ తర్వాత 1994లో వచ్చిన ఇన్‌పేజ్ ఉర్దూ పత్రికల కార్యాలయాలన్నిటినీ మార్చేసింది. కాతిబుల జీవనోపాధి అలా పోయింది. కాని వాళ్ళ కన్ను పోకూడదు. ముఖచిత్రం నేర్చుకునే విద్యార్థి ఒక నెలరోజులు కలం పట్టి నేర్చుకుంటే, ఎక్కడ ఖాళీ వదలాలో ఏ సాఫ్ట్‌వేరూ నేర్పనంత బాగా తెలిసివస్తుంది.

తెలుగుకూ సొంత చిక్కులున్నాయి. ఇంగ్లీషు అక్షరాలు గీత మీద బుద్ధిగా కూర్చుంటాయి. మన అక్షరాలకు పైన గుడులు, కింద ఒత్తులు. ఇంగ్లీషు కొలతతో రెండు వరుసలు దగ్గరగా పేరిస్తే పై వరుస ఒత్తు కింది వరుస గుడిని పొడుస్తుంది. 'స్త్రీ', 'రాష్ట్రం' వంటి మాటలు శీర్షికలో వస్తే మరీ జాగ్రత్త. మండలి, సూరన్న, ధూర్జటి, రామభద్ర వంటి ఫాంట్లు ఇప్పుడు ఉచితంగా దొరుకుతున్నాయి. ఒకే మాటను ఈ నాలుగింటిలో రాసి గోడకు అంటించి చూస్తే తేడా తెలుస్తుంది. ఒకే ముఖచిత్రం మీద రెండు రకాల అక్షరాలకు మించి వాడితే అది పెళ్ళి శుభలేఖలా తయారవుతుందని నా అభిప్రాయం.

జరిపిన పిరమిడ్లు

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. 1982 ఫిబ్రవరిలో 'నేషనల్ జియోగ్రాఫిక్' పత్రిక ముఖచిత్రంగా ఈజిప్టు పిరమిడ్ల ఫొటో వేసింది. ఫొటో అడ్డంగా ఉంది, పత్రికేమో నిలువు. ఏం చేశారు? కంప్యూటర్ సాయంతో రెండు పిరమిడ్లను దగ్గరికి జరిపేశారు. వేల ఏళ్ళుగా కదలనివి కాగితం మీద కదిలాయి. విమర్శలు వచ్చాక పత్రిక విచారం ప్రకటించింది.

పిరమిడ్లకు ప్రాణం లేదు కాబట్టి సరిపోయింది. 1994 జూన్ 27 సంచికల్లో రెండు అమెరికా వారపత్రికలు ఒకే పోలీసు ఫొటో వేశాయి. హత్యారోపణపై అరెస్టయిన నల్లజాతి ఫుట్‌బాల్ ఆటగాడు ఓ.జె. సింప్సన్ ఫొటో అది. 'న్యూస్‌వీక్' ఉన్నది ఉన్నట్టు వేసింది. 'టైమ్' దాన్ని మరింత నల్లబరచి వేసింది. రెండూ ఒకే స్టాల్లో పక్కపక్కన వేలాడితే జనానికి తేడా ఇట్టే తెలిసిపోయింది. విచారణ ఇంకా జరగకముందే ఒక మనిషి చర్మపు రంగును దోషంలా చూపించారని దుమారం రేగింది. లోపలి వ్యాసంలో ఒక్క అబద్ధం లేకపోవచ్చు. అబద్ధం అట్ట మీదే ఉంది.

ఫొటోను అసలు మార్చకపోయినా అన్యాయం జరగవచ్చు. 1984లో పెషావర్ దగ్గరి నాసిర్‌బాగ్ శరణార్థి శిబిరంలో స్టీవ్ మెకరీ ఒక అఫ్గాన్ బాలిక ఫొటో తీశాడు. 1985 జూన్‌లో అది 'నేషనల్ జియోగ్రాఫిక్' ముఖచిత్రమైంది. ఆ పచ్చని కళ్ళను ప్రపంచమంతా చూసింది. ఆ పిల్ల పేరు మాత్రం పత్రికకు తెలియదు. పదిహేడేళ్ళ తర్వాత, 2002లో, వెతికి పట్టుకుంటే ఆమె పేరు షర్బత్ గులా అని తెలిసింది. అంతవరకు ఆమె ఆ ఫొటోను చూడనే లేదు. 2016లో పాకిస్తాన్‌లో నకిలీ గుర్తింపు కార్డు కేసులో ఆమెను అరెస్టు చేసి స్వదేశానికి పంపేశారు. 2021లో ఇటలీ ఆశ్రయమిచ్చింది. లోకం చూసిన మొహాన్ని ఆ మొహం గల మనిషే పదిహేడేళ్ళు చూడలేదంటే, ఫొటో తీసేముందు పేరు అడగడం, అనుమతి అడగడం ఎంత అవసరమో వేరే చెప్పాలా?

మన సంగతికి వద్దాం. ముస్లిముల గురించి ఏ పత్రికలో వ్యాసం వచ్చినా ముఖచిత్రం మీద ఏముంటుందో మీరు కళ్ళు మూసుకుని చెప్పగలరు. నల్ల బురఖాలో వెనుకనుంచి ఒక స్త్రీ, లేదా నమాజులో వంగిన టోపీల వరుస. వ్యాసం వడ్డీ లేని అప్పుల గురించయినా, ఇంటి అద్దెల గురించయినా అదే బొమ్మ. ఇతరులనే ఎందుకనాలి? మన రంజాన్ ప్రత్యేక సంచికలు ఏటా అదే నెలవంక, అదే మినార్, అదే పచ్చరంగుతో వస్తున్నాయి. ఆ బొమ్మను ఎంపిక చేసే బల్ల దగ్గర మన ఇంటి పిల్ల ఒకతె కూర్చుని ఉంటే "ఇది కాదు సార్" అనగలుగుతుంది. ఈ చదువును నేను సమర్థించడానికి కారణం అదే.

బీడీ కార్మికుల సంచిక

నా దగ్గర చదువుకున్న ఒకాయన కూతురు హైదరాబాదులో జర్నలిజం చదువుతోంది. వాళ్ళది నిజామాబాద్. ముఖచిత్రం తయారుచేసి చూపమని కళాశాలలో ప్రాక్టికల్ ఇస్తే ఆ అమ్మాయి బీడీ చుట్టే స్త్రీలను విషయంగా ఎంచుకుంది. సెలవులకు వచ్చినప్పుడు నాకు చూపించింది. ఇంటర్నెట్లో తీసుకున్న ఫొటో, బురఖా స్త్రీ, చీకటి గది, 'కన్నీటి బతుకులు' అని శీర్షిక.

"ఇందులో బీడీ ఏదమ్మా?" అన్నాను.

"లోపల వ్యాసంలో ఉంది మౌల్వీసాబ్" అంది.

"ఈ ఫొటో ఎవరిది? ఎక్కడిది?"

జవాబు లేదు. పరాయి ఫొటో వాడుకోవడం 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం తప్పు. అంతకుమించి, ఆ స్త్రీ ఏ దేశంలో ఏ పని చేస్తుందో మనకేం తెలుసు?

మర్నాడు ఆ అమ్మాయి తమ వీధిలోనే ఒక ఇంటికి వెళ్ళింది. ఆ ఇంటి ఖాలా ముప్పై ఏళ్ళుగా బీడీలు చుడుతోంది. మొహం వద్దు గాని చేతులు తీసుకోమంది. ఒడిలో చేట, చేటలో కత్తిరించిన తునికాకు, పొగాకు, దారపు ఉండ, అరిగిపోయిన కత్తెర. పొగాకు మరకలు అంటిన వేళ్ళు. కూలి వెయ్యి బీడీల లెక్కన ఇస్తారు కాబట్టి అమ్మాయి శీర్షికగా 'వెయ్యికి ఎంత?' అని రెండే మాటలు పెట్టింది. కింద చిన్న అక్షరాల్లో ఊరి పేరు. అంతే. ఆ ఖాలాకు ప్రింటు చూపిస్తే ముందు నవ్వి, తర్వాత "కత్తెర పాతది పడింది, కొత్తది తీసుకోవలసింది" అందట. వాళ్ళ నాన్న మాత్రం ఆ కాగితాన్ని చాలాసేపు చూసి, కళాశాల ఫీజు చివరి తేదీ ఎప్పుడని అడిగాడు.

అచ్చుకు వెళ్ళేముందు

మిగిలినవి చేతిపని విషయాలు. ఏ4 కొలత ముఖచిత్రానికి ఫొటో 2480 చుక్కల వెడల్పు, 3508 చుక్కల పొడవు ఉండాలి. అప్పుడే అంగుళానికి 300 చుక్కలు వస్తాయి. వాట్సాప్‌లో మామూలుగా వచ్చిన ఫొటో నాణ్యత తగ్గిపోయి ఉంటుంది. తెరమీద బాగానే కనబడి అచ్చులో అలుక్కుపోతుంది. తీసినవారి దగ్గరనుంచి అసలు ఫైలే తెప్పించుకోవాలి. అంచుల చుట్టూ 3 మిల్లీమీటర్లు అదనంగా బొమ్మ వదలాలి, లేకపోతే కత్తిరింపులో తెల్ల గీత తేలుతుంది. తెర ఎరుపు, ఆకుపచ్చ, నీలి వెలుగులతో రంగులు చూపిస్తుంది. అచ్చుయంత్రం నీలి, గులాబీ, పసుపు, నల్ల సిరాలతో వేస్తుంది. మనవాళ్ళకు ఇష్టమైన ఆ మెరిసే పచ్చరంగే ఈ మార్పిడిలో అందరికంటే ముందు మసకబారుతుంది. అందుకే పండగ సంచికలు తెరమీద పచ్చగా, చేతికొచ్చాక పాచిరంగులో కనబడతాయి. ముందుగా ఒక్క కాపీ నమూనా వేయించి పగటి వెలుగులో చూసుకుంటే ఈ బాధ తప్పుతుంది.

నమూనా చేతికి వచ్చాక ఇంకొక్క పని. దాన్ని దగ్గరలోని పుస్తకాల స్టాలుకు తీసుకువెళ్ళి, అడిగి, మిగతా పత్రికల మధ్య వేలాడదీసి, పది అడుగులు వెనక్కి వచ్చి చూడాలి. స్టాలతను వద్దనడు, ఒక పత్రిక కొంటే చాలు.